సీసం రాని తేటగీతి

అవతారిక

కాలిఫోర్నియాలో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు అక్కడి ఒక వైన్ అంగడికి డబ్బంతా ముందే కట్టి పన్నెండు సీసాలకు ఆర్డరు పెట్టాడు. ఉగాది పోయి మళ్లీ ఉగాది వచ్చింది, ఒక్క సీసా రాలేదు. అడిగినప్పుడల్లా అంగడివాళ్లు ఒకే మెసేజ్ పంపుతున్నారు. వాడు దాన్ని ఆలూరులో ఉన్న నాకు పంపించి, ‘మామా, పిల్లోళ్లకు బతుకంతా ప్రతిపదార్థాలు చెప్పినావు గదా, దీంట్లో నా సీసాలు యాడుండాయో చెప్పు’ అన్నాడు.

నేను మందు ముట్టను. అది టీకకు అడ్డం కాదు. ప్రబంధాల్లోని శృంగారానికి వ్యాఖ్య రాసిన పండితులందరినీ అనుభవం ఉందా అని ఎవరూ అడగలేదు. పైగా మా రాయలసీమకు ఈ విద్య పాతది. బ్రౌను దొర కడపలో బంగళా కొని, పండితులను జీతాలకు పెట్టుకొని, తాళపత్రాలు శుద్ధి చేయించి టీకలు రాయించాడు. ఆయన డబ్బిచ్చాడు, పండితులు పని చేసిచ్చారు. ఇప్పుడు మన ముందున్న మూలంలో ఆ రెండో సగం కనబడదు.

మూలం ఆంగ్ల వచనం. వచనానికి టీక రాస్తే నలుగురిలో చిన్నతనంగా ఉంటుందని దాన్ని తేటగీతిలో పెట్టాను. భావం అంగడివాళ్లది, గణాలు నావి.

మూలం

అందె మీ సొమ్ము మాకయ్య, యార్డరందె;
చేరు త్వరలోనె మీ యింట సీసలన్ని;
మీరు చూపిన సహనమ్ము మేరుసమము;
దీని కుత్తరమీయకు, దివ్యచరిత!

ప్రతిపదార్థం

దివ్యచరిత = దివ్యమైన నడత గలవాడా (అనగా ఇంతవరకు గొడవ పెట్టుకోనివాడా); అయ్య = అయ్యా; మీ సొమ్ము = మీ ధనము, పైసా తగ్గకుండా; మాకు = మా ఖాతాకు; అందె = చేరినది; ఆర్డరు = మీ కోరిక; అందె = అదియును చేరినది; సీసలు + అన్ని = పన్నెండు సీసాలును; మీ యింట = మీ గడపలో; త్వరలోనె = ఈ పదమునకు అర్థము వ్యాఖ్యలో వెతకవలెను; చేరు = చేరును; మీరు చూపిన సహనమ్ము = మీ ఓర్పు; మేరుసమము = మేరుపర్వతముతో సాటియైనది, అనగా కదలనిది; దీనికి = ఈ సందేశమునకు; ఉత్తరము = బదులు; ఈయకు = ఇవ్వవద్దు.

తాత్పర్యం

డబ్బు ముట్టింది. సరుకు వస్తుంది. ఓర్చుకున్నందుకు సంతోషం. ఇక మమ్మల్ని కదిలించొద్దు.

వ్యాఖ్య

ముందు ఛందస్సు సంగతి. సీసపద్యం ఎత్తుకుంటే నాలుగు పెద్ద పాదాలు నడిచాక కింద ఒక గీతి రావాలి, తేటగీతో ఆటవెలదో. సీసం లేకుండా తోకలాంటి ఎత్తుగీతి ఒక్కటే వస్తే పద్యం మిగతా భాగం ఎక్కడో ఆగిపోయిందని అర్థం. ఇక్కడ జరిగింది అదే. సీసాలకు డబ్బు కట్టినవాడికి గీతి మాత్రం పంపారు.

‘అందె’ రెండుసార్లు పడింది. పునరుక్తి దోషం అనకూడదు. కవి తన చేతికి వచ్చినవాటిని ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నాడు. రెండూ భూతకాలం, రెండింటిలోనూ సందేహానికి చోటు లేదు. రెండో పాదానికి వచ్చేసరికి క్రియ ‘చేరు’ అయింది. ఇది తద్ధర్మార్థకం. భూత భవిష్యద్వర్తమానాలు మూడింటికీ చెల్లే రూపం, అంటే ఏ ఒక్క కాలానికీ కట్టుబడదు. నిప్పు కాలుచు, నీరు పల్లమునకు పారు అన్నట్టుగా సీసాలు చేరు. చేరడం వాటి స్వభావమట. ఎప్పుడని అడగడం వ్యాకరణం తెలియనివాళ్ల పని.

‘త్వరలోనె’ దగ్గర కొంచెం నిలబడాలి. ఆలూరువాళ్లకు ఈ మాట కొత్త కాదు. హగరి నీళ్లు ఎత్తిపోసి మా పొలాలకు తెస్తామని ఎన్నికల సభల్లో చెప్పినప్పుడల్లా విన్నదే. నీళ్ల సంగతిలో మేము ముందుగా డబ్బు కట్టలేదు గనుక ఊరుకున్నాం. డబ్బు కట్టిన చోట ఈ పదానికి శాస్త్రం అర్థం చెప్పింది. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 46వ సెక్షన్, ఒప్పందంలో గడువు రాయకపోతే సమంజసమైన కాలంలో పని జరగాలంటుంది. ఆ సమంజసం ఎంత అన్నది ఆయా వ్యవహారాన్ని బట్టి తేలాలంటుంది. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 36వ సెక్షన్‌దీ అదే మాట. అమెరికావాడు ఇంకొంచెం ముక్కుసూటి మనిషి. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో చేసిన నియమం ప్రకారం, దూరం నుంచి ఆర్డరు తీసుకున్న అంగడి ఫలానా నాటికి పంపుతానని చెప్పి ఉంటే ఆ నాటికి, చెప్పకపోతే 30 రోజుల్లో సరుకు పంపాలి. కుదరకపోతే కొన్నవాడికి ఆ సంగతి తెలిపి, వద్దనుకుంటే డబ్బు వెనక్కి తీసుకో అని అడగాలి. కొత్త తేదీ చెప్పలేనివాడు కొన్నవాడి మౌనాన్ని ఒప్పుకోలుగా రాసుకోవడానికి లేదు, వాడు నోరు తెరిచి సరేనంటేనే వ్యవహారం నిలుస్తుంది, లేదంటే డబ్బు తిరిగివ్వాలి. కాబట్టి ఈ పద్యంలో పడాల్సిన పాదం ఒకటి పడలేదు: ‘మీకిష్టం లేకపోతే పైకం వెనక్కిస్తాం’ అనే పాదం. వ్యాఖ్యాత మల్లినాథుడు మూలంలో లేనిది రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఈ మూలానికి అర్థమంతా లేనిదాంట్లోనే ఉంది, నాకు ఆ నియమం పనికిరాదు.

శంక: ముందు డబ్బు, రెండేళ్లకు సరుకు అనే పద్ధతే మోసమా?

సమాధానం: కాదు. ఇది ఫ్రాన్సులో బోర్దో ప్రాంతపు పెద్ద తోటల ఆచారం. ద్రాక్ష శరదృతువులో కోస్తారు. మరుసటి వసంతంలో రసం ఇంకా పీపాల్లోనే ఉంటుంది. ఒక్కో పీపా 225 లీటర్లు, సీసాల్లో పోస్తే 300 అవుతుంది. వర్తకులు ఆ పచ్చిరసం రుచి చూసి అప్పుడే బేరం కుదుర్చుకుంటారు. సీసాల్లోకి దిగి ఓడ ఎక్కేసరికి దాదాపు రెండేళ్లు పడుతుంది. తోటవాడికి ముందుగా పెట్టుబడి దొరుకుతుంది, కొన్నవాడికి ధర కలిసివస్తుంది. 1982 పంటను అలా పీపాల్లో ఉండగానే కొన్నవాళ్లు తరువాత పెరిగిన ధర చూసి మురిసిపోయారు. మన అలంకారశాస్త్రంలో దీనికి పేరుంది. జరగబోయేదాన్ని కళ్లెదుట ఉన్నట్టు వర్ణిస్తే భావికాలంకారం. బోర్దో వ్యాపారమంతా భావికమే. అక్కడ వర్ణనకు ఆధారంగా పీపా ఉంది, పీపాకు తోట ఉంది, తోటకు కాగితం ఉంది. ఆ మూడూ లేకుండా వర్ణన ఒక్కటే సాగితే అది అలంకారం కాదు, సీఐడీ కేసు.

దీనికి లక్ష్యం బర్క్లీలో దొరుకుతుంది. ప్రీమియర్ క్రూ అని ఒక వైన్ అంగడి ఉండేది, జాన్ ఫాక్స్ అనే ఆయన దాని యజమాని. దిగుమతికి ముందే కొనుక్కోండి, బజారు ధర కన్నా తక్కువకు ఇస్తాం అని ఏళ్ల తరబడి అమ్మాడు. తాను ఎవరి దగ్గరా కొనని వైన్‌కు కూడా డబ్బు తీసుకున్నాడు. కొత్తగా కట్టినవాళ్ల సొమ్ముతో పాతవాళ్ల సరుకు కొని పంపేవాడు. ఆలస్యం ఈ వ్యాపారంలో మామూలే కదా అని ఖాతాదారులు తమకు తామే సర్దిచెప్పుకున్నారు. ఆయన ప్రజ్ఞ అంతా అక్కడే ఉంది. బియ్యం అంగడివాడు రెండేళ్లు ఆగమంటే చొక్కా పట్టుకుంటారు. వైన్ అంగడివాడు ఆగమంటే రసికులు తలాడిస్తారు. 2016 జనవరిలో అంగడి దివాలా పిటిషన్ వేసింది. ఆగస్టులో ఫాక్స్ నేరం ఒప్పుకున్నాడు. డిసెంబరులో ఆరున్నరేళ్ల శిక్ష పడింది, 4 కోట్ల 50 లక్షల డాలర్లు తిరిగి కట్టమని కోర్టు చెప్పింది. ఖాతాదారుల డబ్బులో కొంత ఖరీదైన కార్ల కింద పోయింది.

అదే 2016 ఫిబ్రవరిలో మన దగ్గర అగ్రిగోల్డ్ చైర్మన్‌ను సీఐడీ అరెస్టు చేసింది. అక్కడ సీసాలు, ఇక్కడ ఇళ్ల స్థలాలు. ముందు కంతులు కట్టండి, తరువాత ప్లాటు అన్నారు. కట్టినవాళ్లు ఏడెనిమిది రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది. బర్క్లీ రసికులను చూసి నవ్వే అర్హత మనకు లేదని చెప్పడానికే ఇది ఎత్తాను, విస్తరించను.

మా ఊరి వైన్ షాపు సంగతీ అడుగుతారు. దాంట్లో వైన్ ఉండదు, ఆలస్యమూ ఉండదు. డబ్బు కటకటాల లోపలికి పోతుంది, క్వార్టరు బయటికి వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో మందు ఇంటికి తెచ్చివ్వడానికి అనుమతి లేదు గనుక ఆ వ్యాపారంలో ‘త్వరలోనె’కు చోటే లేదు. 2020 మే 4న లాక్‌డౌన్ మధ్యలో షాపులు తెరిచి ధర 25 శాతం పెంచారు, మరునాడే ఇంకో 50 శాతం కలిపారు. అయినా ఎండలో సున్నపు గీతల మధ్య నిలబడినవాడి చేతికి సీసా వచ్చింది. ఆ రోజుల్లోనే నగరాల్లో కొందరు పేరున్న అంగళ్ల బోర్డులు ఫోనుల్లో పెట్టి, ఇంటికి పంపుతాం ముందు డబ్బు కొట్టండి అని కాజేశారు. దాహం వేసినవాడు వ్యాకరణం చూడడు.

నాయికా నిర్ణయం

ఈ పద్యంలో నాయిక ఎవరు? కొన్నవాడే. అష్టవిధ నాయికల్లో ఎక్కువ అవస్థలను మావాడు ఒక్కడే దాటాడు. ఆర్డరు పెట్టిన వారం గోడ అలమరలోంచి పచ్చడి జాడీలు తీసేసి, అరలు తుడిచి, పడుకోబెట్టే సీసాలకని కర్ర చట్రం బిగించాడు, ఫోటో తీసి మాకూ పంపాడు. అప్పుడు వాడు వాసకసజ్జిక, శయ్య సిద్ధం చేసుకొని ఎదురుచూసే ఆమె. సరుకు ఫ్రాన్సులోనే ఉంది, ఓడ ఎక్కాలి అన్నారు, ప్రోషితభర్తృక అయ్యాడు. ఓడ వచ్చినా సీసాలు రాలేదు, విరహోత్కంఠిత. తన తరువాత కట్టిన స్నేహితుడికి ముందే అందాయని తెలిసిన రాత్రి ఖండిత. ఫోనులో అంగడివాణ్ని నాలుగు మాటలని, మరునాడు ‘నిన్న కొంచెం ఎక్కువ మాట్లాడాను’ అని తానే మెయిలు పెట్టాడు, ఇది కలహాంతరిత లక్షణం. విప్రలబ్ధ కావడానికి ఒక్క అడుగు దూరంలో నాకు ఫోను చేశాడు. పచ్చడి జాడీలు ఇప్పటికీ వాషింగ్ మెషీన్ మీదే ఉన్నాయని వాడి భార్య వేరుగా చెప్పింది.

మూడో పాదం

పద్యానికి ఆయువుపట్టు ఇదే. ‘మీరు చూపిన సహనమ్ము మేరుసమము’. పైకి స్తుతి, లోపల నింద. వ్యాజస్తుతి. ఇంకా లోపలికి పోతే లెక్క కనబడుతుంది.

అమెరికాలో క్రెడిట్ కార్డుతో కట్టిన సరుకు అందకపోతే బ్యాంకుకు రాసి ఆ పద్దును తగువులో పెట్టే హక్కు 1974 చట్టం ఇచ్చింది. దానికి ఆ చట్టం పెట్టిన గడువు, ఆ పద్దు ఉన్న మొదటి బిల్లు పంపిన నాటి నుంచి 60 రోజులు. వైన్ రెండేళ్లకు వస్తుందని నమ్మి కూచున్నవాడికి ఆ 60 రోజులు మొదటి శీతాకాలంలోనే కరిగిపోతాయి. అంగడివాడు ధన్యవాదాలు చెబుతున్నది దీనికి. ఓర్పు అన్నది మావాడి గుణం కాదు, అంగడికి వడ్డీ లేకుండా దొరికిన అప్పు.

ఈ సంగతి మావాడికి తెలియకపోవడం నాకు వింత. వాడి తాత, అంటే మా నాయన, ఊళ్లో అక్కరకు అప్పులిచ్చేవాడు. నోట్లన్నీ ట్రంకు పెట్టెలో, గుడ్డలో చుట్టి ఉండేవి. ప్రోనోటుకు మూడేళ్లకు కాలదోషం పడుతుంది. మూడో ఏడు దగ్గరపడితే మా నాయన నోటు జేబులో పెట్టుకొని బాకీదారు ఇంటికి పోయి, మంచం మీద కూచొని, వాళ్లిచ్చిన టీ తాగి, వానల గురించి మాట్లాడి, ఎంతుంటే అంత ఇవ్వప్పా అనేవాడు. పది రూపాయలు పుచ్చుకొని నోటు వెనక ‘చెల్లు’ అని రాసి, తేదీ వేసి, సంతకమో వేలిముద్రో తీసుకునేవాడు. మళ్లీ మూడేళ్లు బతుకు. కొన్ని నోట్ల వెనక అలాంటి నాలుగైదు చెల్లులు, ఒకదాని కింద ఒకటి, వేలిముద్రల సిరా ఊదారంగుకు తిరిగి ఉండేవి. ఎవరితోనూ మాట తూలలేదు, ఏ నోటునూ మురగనివ్వలేదు. ఓర్పుకు, గడువు మరిచిపోవడానికి ఆ పెట్టెలో తేడా కనబడుతుంది. ఆ తాత మనవడు పన్నెండు సీసాలకు డబ్బిచ్చి, నోటు రాయించుకోకుండా, ‘వాళ్లు మంచివాళ్లే మామా, మెసేజ్ బాగా రాస్తారు’ అంటాడు.

అందుకే మొదటి పాదానికి మళ్లీ పోవాలి. ‘అందె మీ సొమ్ము మాకయ్య’. అంగడివాడు తెలియక రాసిన మంచి పాదం ఇది. ఇది రాతలో ఒప్పుకోలు. డబ్బు రాలేదని రేపు అనడానికి లేదు. మెసేజ్‌ను తిట్టుకుంటూ తుడిచేయకుండా దాచిపెట్టుకోమని చెప్పాను.

నాలుగో పాదం

మూడు పాదాల దాకా ‘మీ’, ‘మీరు’. నాలుగో పాదంలో ‘ఈయకు’ అని ఏకవచనం. గణాల కోసం నేనే అలా కుదించానని అనుకోవచ్చు. మూలంలోనూ స్వరం ఇక్కడే మారుతుంది: పైన ప్రియమైన ఖాతాదారు, కింద ఈ నంబరుకు బదులివ్వకు. సొమ్ము అందేదాకా బహువచనం, తరువాత ఏకవచనం అనేది మన బజార్లలోనూ చెల్లే సూత్రమే. ‘దివ్యచరిత’ ఉత్త పాదపూరణం. సీసా లేనప్పుడు పెట్టెలో కాగితం ముక్కలు కుక్కినట్టు.

ఇలాంటి గీతి ఆలూరులోనే ఎవరికైనా వస్తే ఏం చేయాలి? సరుకు వైన్ కాకపోయినా సరే, కూలరో మిక్సీయో. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మినవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయొచ్చు. 2019 వినియోగదారుల చట్టం మనం కాపురమున్న చోటే కేసు వేసుకోనిస్తుంది. బెంగళూరు అంగడి మీద కర్నూలు జిల్లా కమిషన్‌లో వేయొచ్చు, 5 లక్షల దాకా ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. చాలామంది 1915 దాకా కూడా పోరు. పెట్టిన డబ్బు కన్నా తిరిగే చార్జీలు ఎక్కువంటారు. అమ్మినవాళ్లు ఆ లెక్క మనకన్నా ముందే వేసుకొని ఉంటారు.

మరో శంక: వైన్ పాతబడేకొద్దీ రుచి, విలువ పెరుగుతాయంటారు. అప్పుడు ఆలస్యం మేలే కదా?

సమాధానం: సీసా ఉంటే పాతబడుతుంది. లేని సీసాకు వయసు రాదు. పండితులు ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని కవిత్వాన్ని మూడు రకాలుగా చెప్పారు. నోట్లో వేసుకోగానే రసం ఊరేది ద్రాక్షాపాకం. ఈ పద్యం చదవగానే అర్థమైనట్టు ఉంటుంది కాబట్టి ద్రాక్షాపాకమే అనుకుంటారు. ఎంత కొట్టినా పెంకు తప్ప ఏమీ రాదు. నారికేళమని నిర్ణయం, అదీ నీళ్లు లేనిది.

ఉత్తరం

‘సరే మామా, ఇప్పుడేం రాయాల?’ అన్నాడు. బదులివ్వొద్దన్న నంబరును వదిలేసి అంగడి చిరునామాకు, మెయిలుకు రాయమన్నాను. ఫలానా తేదీన ఇంత కట్టాను, అందిందని మీరే రాశారు. సరుకు ఏ తోటది, ఏ ఓడలో, ఏ నాటికి వస్తుందో కాగితంతో చూపండి. చూపలేకపోతే ఆర్డరు రద్దు, పైకం వెనక్కి పంపండి, లేదంటే స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో కలుద్దాం. కాలిఫోర్నియాలో ఆ కోర్టు 12,500 డాలర్ల దాకా తగువులు వింటుంది, అక్కడ వకీళ్లకు వాదించే పని లేదు. విశేషణం ఒక్కటీ వేయొద్దన్నాను. వాడు ‘ఇంత గట్టిగా రాస్తే ఏమనుకుంటారో’ అని నసిగాడు. బాకీ ఉన్నవాడు ఏమనుకుంటాడోనని వెనకాడేవాణ్ని మన ఇంట్లో నిన్నే చూస్తున్నానన్నాను.

పాఠాంతరం

ఉత్తరం పోయాక అంగడి నుంచి వచ్చిన మెసేజ్‌లో కొన్ని పాఠభేదాలు ఉన్నాయి. ‘దివ్యచరిత’ ఎగిరిపోయి మావాడి పేరు వచ్చింది. మూడో పాదం మొత్తం లేదు. నాలుగో పాదంలో ‘ఈయకు’ పోయి, జవాబు పంపడానికి ఒక మనిషి పేరు, నంబరు వచ్చాయి. రెండో పాదంలో ‘త్వరలోనె’ స్థానంలో తేదీ, నెల, సంవత్సరం పడ్డాయి, ఆ నాటికి రాకపోతే పైకం వాపసు అని కూడా ఉంది. అంకెలు ఇమడక ఇంద్రగణం చెడింది, యతి తప్పింది. దిద్దమని మావాడు అడగలేదు, నేనూ దిద్దలేదు.